ప్రాసెసర్ వేడెక్కితే ముందు గడియారం చూడండి

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో ఉన్నవాళ్లకి వినిపిస్తోందా? ఆ పక్క ఫ్యాన్ కొంచెం తగ్గించు తమ్ముడూ, మైకులో గాలి చప్పుడే ఎక్కువ వస్తోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

ఇక్కడ డిప్లొమా చదివే పిల్లలున్నారు, అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సు చేస్తున్నవాళ్లున్నారు, సొంతంగా గేమింగ్ పీసీ కట్టుకున్నవాళ్లున్నారు, డీటీపీ సెంటర్లు నడుపుతున్న పెద్దవాళ్లు కూడా వచ్చారు. మీ అందరికీ పనికొచ్చే ఒక్క విషయం చెప్పి, మిగతా టైమంతా మీ ప్రశ్నలకే ఇద్దామని అనుకున్నాను. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సర్వీసు బెంచీ మీద కూర్చునేవాళ్లెవరైనా చెప్తారు, మార్చి దాటిందంటే చాలు, "అన్నా, సిస్టం 95 డిగ్రీలు చూపిస్తోంది, పేస్టు వేసివ్వు" అని వస్తూనే ఉంటారు. పేస్టు అంటే ప్రాసెసర్‌కీ, దాని మీద కూర్చుని వేడిని గాలిలోకి వదిలే కూలర్‌కీ మధ్య పూసే ముద్ద. అది వేయడం తప్పేం కాదు. కానీ ఆ 95 అన్న అంకె ఒక్కటే పట్టుకుని పేస్టు వేస్తారు, తగ్గకపోతే ఫ్యాన్ మారుస్తారు, అప్పటికీ తగ్గకపోతే లిక్విడ్ కూలర్ కొనిపిస్తారు. కస్టమర్ డబ్బులు పోతాయి, అసలు కారణం మాత్రం కదలకుండా అక్కడే ఉంటుంది. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ కారణం ఏంటో కంప్యూటర్ మనకి మొదటి పది నిమిషాల్లోనే చెప్పేస్తుంది, మనం చూడాలంతే.

ఏం చూడాలి? ఆ 95కి ఎంతసేపట్లో ఎక్కింది, అప్పుడు ప్రాసెసర్ ఎన్ని వాట్లు తింటోంది, గదిలో వేడి ఎంత ఉంది. ఈ మూడూ తెలియకుండా 95 అంటే మంచిదో చెడ్డదో నేను కూడా చెప్పలేను.

ముందు వేడి ఏ దారిన బయటికి పోతుందో ఒకసారి చూద్దాం. ప్రాసెసర్ పైన మనకి కనిపించే వెండి రంగు మూత ఉంది కదా, అసలు సిలికాన్ ముక్క దాని కింద ఉంటుంది. చాలా చిన్నది. ఏఎండీ కంపెనీ రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్ తీసుకోండి, ఎనిమిది కోర్లూ ఉండే ముక్క సుమారు 81 చదరపు మిల్లీమీటర్లు, అంటే అటు తొమ్మిది మిల్లీమీటర్లు ఇటు తొమ్మిది ఉన్న గడి అంత. ఆ ప్రాసెసర్ ఫుల్ లోడ్‌లో, అంటే పూర్తిగా పని ఇచ్చినప్పుడు, సాకెట్ నుంచి, అంటే బోర్డు మీద అది కూర్చునే చోటు నుంచి, 142 వాట్ల దాకా తీసుకుంటుంది, అందులో ఎక్కువ భాగం ఆ చిన్న ముక్కలోంచే వేడిగా బయటికి రావాలి. మన ఇంట్లో ఇస్త్రీ పెట్టె వెయ్యి వాట్లు ఉంటుంది, కానీ దాని అడుగు రేకు 200 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. చదరపు మిల్లీమీటరుకి లెక్కేస్తే ప్రాసెసర్‌లో వేడి ఇస్త్రీ పెట్టె కంటే ఇరవై రెట్లకు పైనే. కాబట్టి దారిలో ఎక్కడ చిన్న అడ్డం వచ్చినా వెంటనే తెలిసిపోతుంది.

ఆ ముక్క నుంచి మూతకి, మూత నుంచి పేస్టుకి, పేస్టు నుంచి కూలర్ అడుగుకి, అక్కడి నుంచి రాగి హీట్‌పైపుల్లోంచి అల్యూమినియం రేకులకి, రేకుల నుంచి గాలికి, క్యాబినెట్‌లోని గాలి నుంచి గదిలోకి. ఇదే దారి. హీట్‌పైపు అంటే గట్టి రాగి కడ్డీ అనుకుంటారు చాలామంది. కాదు, లోపల బోలుగా ఉంటుంది, గాలి తీసేసి చాలా కొద్దిగా నీళ్లు పోసి సీల్ చేస్తారు. వేడి తగిలిన చివర నీళ్లు ఆవిరై, చల్లగా ఉన్న చివరికి పోయి మళ్లీ నీళ్లై, లోపలి గోడ మీదున్న సన్నని రంధ్రాల పొర వెంట తిరిగొస్తాయి. అమెరికాలో లాస్ అలమోస్ ల్యాబ్‌లో జార్జ్ గ్రోవర్ అనే ఆయన 1963లో దీన్ని చేసి చూపించాడు, ఇప్పుడు రెండు మూడు వేల రూపాయల టవర్ కూలర్‌లో కూడా నాలుగు ఉంటున్నాయి. అందుకే ఆ పైపుని స్క్రూడ్రైవర్‌తో సొట్ట పెట్టొద్దు, గట్టిగా వంచొద్దు, ఒకసారి పగిలిందంటే అది పైకి బాగానే కనిపిస్తుంది గానీ పని చేయదు.

ఇప్పుడు ప్రాసెసర్ ఎంత వేడి తట్టుకుంటుంది అన్నది. ప్రతి మోడల్‌కి కంపెనీ ఒక గరిష్ఠం ఇస్తుంది. ఇంటెల్ కోర్ ఐ5-12400కి 100 డిగ్రీలు, ఐ9-14900కేకి కూడా 100. రైజెన్ 7 5800ఎక్స్‌కి 90. రైజెన్ 7000 సిరీస్‌లో 7700ఎక్స్, 7950ఎక్స్ లాంటివాటికి 95, 7800ఎక్స్3డీకి 89. ఆ గీత దగ్గరికి రాగానే ప్రాసెసర్ తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. ఇది ఎప్పటినుంచో ఉన్నది కాదు. 2001లో ఒక హార్డ్‌వేర్ వెబ్‌సైటు వాళ్లు కంప్యూటర్ నడుస్తుండగానే హీట్‌సింక్, అంటే కూలర్, పీకేసి వీడియో తీశారు, అప్పటి ఏఎండీ ఆథ్లాన్ క్షణాల్లో కాలిపోయింది, పెంటియం 4 మాత్రం స్పీడు తగ్గించుకుని బతికింది. ఈ రోజు ఏ కంపెనీ ప్రాసెసరైనా అలా తనని తాను కాపాడుకుంటుంది, అందుకని వేడికి ప్రాసెసర్ కాలిపోతుందేమో అని టెన్షన్ పడకండి. మీకు పోయేది స్పీడు. వీడియో రెండరింగ్ గంటలో అవ్వాల్సింది గంటన్నర పడుతుంది, గేమ్‌లో ఆగి ఆగి నడుస్తుంది, మరీ ఎక్కువైతే సిస్టం టక్కున ఆఫ్ అయిపోతుంది.

ఇంకోటి, 7000 సిరీస్ రైజెన్‌లో పెద్ద మోడల్స్ ఫుల్ లోడ్‌లో 95 దాకా వెళ్లేలాగే తయారు చేశారు. చల్లదనం ఉన్నంతవరకూ స్పీడు పెంచుకుంటూ పోయి 95 దగ్గర ఆగుతాయి. అందులో 95 చూసి కూలర్ మార్చేస్తే కొత్త కూలర్‌తో కూడా 95 దగ్గరే కనిపించొచ్చు, కాకపోతే స్పీడు కొంచెం ఎక్కువ వస్తుంది. అలాంటి దాంట్లో డిగ్రీలు కాదు, మెగాహెర్ట్జ్, అంటే స్పీడు అంకె, చూడాలి.

సరే, అసలు పరీక్షకి వద్దాం. పిల్లలూ, ఇది రాసుకోండి.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, అందులో సెన్సర్స్ ఓపెన్ చేస్తే ఒక్కో కోర్ వేడి, ప్యాకేజ్ పవర్ అంటే ప్రాసెసర్ తింటున్న వాట్లు, ఫ్యాన్ ఆర్‌పీఎం, స్పీడు అన్నీ వస్తాయి. లినక్స్ వాడేవాళ్లకి సెన్సర్స్ కమాండ్ ఉంది. లోడ్ ఇవ్వడానికి ప్రాసెసర్‌కి పని పెట్టి చూసే సినీబెంచ్ అనే ప్రోగ్రాం చాలు. ప్రైమ్95 కూడా వాడతారు, అది 1996 నుంచి పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలు వెతకడానికి చేసిన ప్రోగ్రాం, ప్రాసెసర్‌ని పూర్తిగా పిండేస్తుంది కాబట్టి వేడి పరీక్షకి అందరూ దాన్నే పట్టుకున్నారు. కానీ మామూలు వాడకంలో అంత లోడ్ ఎప్పుడూ రాదు. ప్రైమ్95లో వచ్చిన అంకె చూసి కస్టమర్‌ని భయపెట్టొద్దు.

సిస్టం ఆన్ చేసి పది నిమిషాలు ఊరికే వదలండి. ఒక అంకె వస్తుంది, 40 అనుకుందాం. ఇప్పుడు లోడ్ ఇచ్చి గడియారం చూడండి. ఎంత మంచి కూలర్ అయినా మొదటి సెకనులోనే ఒక గెంతు ఉంటుంది, 40 నుంచి 60కో 65కో ఎక్కుతుంది. అది మామూలే, సిలికాన్ ముక్క చిన్నది కాబట్టి దాని వేడి వెంటనే పెరుగుతుంది, కూలర్ పెద్దది కాబట్టి నిదానంగా వేడెక్కుతుంది. ఆ తర్వాత ఐదు పది నిమిషాల పాటు మెల్లగా పెరుగుతూ ఒకచోట నిలబడాలి.

ఇందాక చెప్పిన 7000 సిరీస్ పెద్ద రైజెన్‌ల సంగతి వేరు, మిగతావాటిలో ఆ మొదటి గెంతే 95కో 100కో పోయిందనుకోండి, ఒకటి రెండు సెకన్లలోనే. అప్పుడు దుమ్ము గురించి, క్యాబినెట్ ఫ్యాన్ల గురించి ఆలోచించడం దండగ. రేకులు వేడెక్కడానికే టైం లేదు కదా, ఇంక గాలి సంగతి ఎక్కడిది? వేడి అసలు కూలర్‌లోకి ఎక్కడం లేదు. అంటే ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఏదో తేడా ఉంది. అదే పది పదిహేను నిమిషాలు పట్టి మెల్లగా 75, 82, 88, 94 అని పోతోందంటే కూలర్‌లోకి వేడి బాగానే ఎక్కుతోంది, కూలర్ నుంచి గాలిలోకో క్యాబినెట్ నుంచి గదిలోకో పోవడం లేదు.

దీన్ని ఇంకోరకంగా కూడా రూఢి చేసుకోవచ్చు. లోడ్ ఆపేసి చూడండి. సెకనులో 98 నుంచి 42కి పడిపోయిందంటే కూలర్ చల్లగానే ఉంది, మధ్యలో అంటుకోలేదు. 98 నుంచి 70కి దిగి అక్కడి నుంచి నిమిషాల తరబడి మెల్లగా దిగుతోందంటే కూలర్ కూడా బాగా వేడెక్కిందని అర్థం. ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, ఫ్యాన్ పూర్తిగా ఆగాక రేకుల్ని వేలితో తాకినా తెలుస్తుంది. 100 డిగ్రీలు చూపించిన సిస్టంలో రేకులు చల్లగా ఉన్నాయంటే ఇంక ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, కూలర్ విప్పండి.

ఆ గెంతు కేసుల్లో ఏం దొరుకుతాయో చెప్తాను. మొట్టమొదటిది, కొత్తగా కట్టిన సిస్టంలో కూలర్ అడుగున ఉండే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ తీయకపోవడం. దాని మీద తీసేయమని రాసే ఉంటుంది, అయినా హడావుడిలో మర్చిపోతారు. రెండోది ఇంటెల్ బాక్సుతో వచ్చే కూలర్ పిన్నులు. నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, నొక్కితే టక్ అని చప్పుడు రావాలి. మూడు దిగి నాలుగోది దిగకపోతే కూలర్ ఒక పక్కకి లేచి ఉంటుంది, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఎదురెదురు మూలలు నొక్కండి, తర్వాత మదర్‌బోర్డు వెనకాల చూడండి, నాలుగు చోట్లా పిన్ను చీలికలు విచ్చుకుని బయటికి వచ్చి ఉండాలి. ఆ పిన్నులు నాలుగైదుసార్లు తీసి పెడితే పట్టు పోతుంది. విజయవాడ నుంచో కరీంనగర్ నుంచో బస్సు పార్శిల్‌లో వచ్చిన సిస్టం అయితే మాత్రం ఆన్ చేసే ముందే క్యాబినెట్ మూత తీసి కూలర్‌ని ఒకసారి పట్టుకుని కదిపి చూడండి, బరువైన టవర్ కూలర్లు దారిలో కుదుపులకి వదులవుతాయి.

మూడోది పాత కూలర్‌ని కొత్త బోర్డుకి పెట్టడం. ఇంటెల్ పదో పదకొండో తరం దాకా సాకెట్ చుట్టూ రంధ్రాలు 75 మిల్లీమీటర్ల దూరంలో ఉండేవి, 12వ తరం నుంచి అది 78 అయింది, ప్రాసెసర్ ఎత్తు కూడా కాస్త తగ్గింది. పాత బ్రాకెట్‌ని ఎలాగోలా లాగి బిగిస్తే బిగుస్తుంది, కానీ ఒత్తిడి సరిపోదు. కూలర్ కంపెనీ ఆ సాకెట్‌కి వేరే కిట్ ఇస్తుంది, అది తెప్పించుకోవడమే పద్ధతి.

ఇక పేస్టు. రాగి వేడిని మోసే శక్తి సుమారు 400 అనుకుంటే, మంచి పేస్టుది పది దగ్గరే ఉంటుంది, గాలిది 0.026. ఈ మూడు అంకెలు మనసులో పెట్టుకుంటే పేస్టు గురించి ఇంకెవర్నీ అడగక్కర్లేదు. పేస్టు పని కూలర్‌కీ మూతకీ మధ్య కంటికి కనిపించని గుంటల్లోంచి గాలిని తరిమేయడం, అంతే. లోహం లోహానికి తగిలేచోట పేస్టు ఎక్కువైతే అది కూడా అడ్డమే. మధ్యలో బఠాణీ గింజంత పెట్టి కూలర్ బిగిస్తే అదే పరుచుకుంటుంది, 12వ తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్ మూత పొడవుగా ఉంటుంది కాబట్టి ఇంకాస్త పెట్టండి. పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, పెట్రోలు, శానిటైజర్ జెల్ వద్దు. బజార్లో పేరున్న పేస్టులకి నకిలీలు కూడా వస్తున్నాయి, మరీ చవగ్గా ఇస్తున్నారంటే ఆలోచించండి. కొందరు టూత్‌పేస్ట్ వేసి వీడియోలు చేస్తారు, కొన్ని గంటలు బాగానే ఉంటుంది, తడి ఆరిపోగానే పాత పేస్టు కంటే ఘోరంగా తయారవుతుంది. చేయకండి.

ఇప్పుడు మెల్లగా ఎక్కే రకం. హైదరాబాద్‌లో ఇదే ఎక్కువ.

ఒక డీటీపీ సెంటర్ సిస్టం ఉంది, పొద్దున బాగా నడుస్తుంది, మధ్యాహ్నం రెండు దాటాక ఫోటోషాప్ ముందుకి పోదు. రెండు చోట్ల చూపించారు, పేస్టు మార్చారు, ర్యామ్ మార్చారు. ఆ సెంటర్‌కి వెళ్లి చూస్తే, కంప్యూటర్ టేబుల్‌లో క్యాబినెట్ పెట్టుకోవడానికి చెక్క అర ఉంటుంది కదా, మూడు పక్కలా మూసి ముందు తలుపు, అందులో ఉంది. క్యాబినెట్ వెనకనుంచి వచ్చిన వేడి గాలి ఆ అరలోనే తిరిగి ముందు నుంచి మళ్లీ లోపలికే పోతోంది. సర్వీసు సెంటర్ బెంచీ మీద పెట్టి పరీక్ష చేస్తే ఏ తప్పూ దొరకదు, ఎందుకంటే అక్కడ ఆ అర లేదు. అరలోంచి తీసి పక్కన ఒక స్టూలు మీద పెట్టారు, సమస్య పోయింది. అందుకే నేను చెప్పేది, వీలుంటే సిస్టం ఉన్నచోటికి వెళ్లి చూడండి, లేదా కనీసం ఫోన్‌లో ఒక ఫోటో తీసి పంపమనండి. గోడకి ఆనించి పెడతారు, దుమ్ము పడుతుందని గుడ్డ కప్పి ఆన్‌లోనే ఉంచుతారు, ఏసీ లేని పై అంతస్తు గదిలో స్లాబు కింద పెడతారు. ఇవన్నీ ఫోటోలో కనిపిస్తాయి.

క్యాబినెట్‌దా కూలర్‌దా తేల్చడానికి సులువైన పని, లోడ్‌లో ఉండగా పక్క మూత తీసేయండి. ఐదు నిమిషాల్లో పది డిగ్రీలు తగ్గిందంటే క్యాబినెట్‌లోకి గాలి రావడం లేదు. రెండు మూడు డిగ్రీలే తగ్గిందంటే కూలర్ సంగతి చూడాలి. గాజు ముందుభాగం ఉన్న క్యాబినెట్లు ఇప్పుడు ఎక్కువగా కొంటున్నారు, చూడ్డానికి బాగుంటాయి, కానీ ఆ గాజుకీ ఫ్యాన్లకీ మధ్య సందు సన్నగా ఉంటే ముందు మూడు ఫ్యాన్లున్నా గాలి సరిగ్గా రాదు.

దుమ్ము గురించి. ఫ్యాన్ తీయకుండా పైపైన బ్లోయర్ కొడితే సరిపోదు. ఫ్యాన్ విప్పి కింద చూడండి, రేకుల పైన మందంగా పొర కట్టి ఉంటుంది, గాలి మొత్తం దాన్ని తగిలి పక్కలకి పోతుంటుంది. కోకాపేట, నార్సింగి వైపు బిల్డింగులు కడుతున్నచోట సన్నటి సిమెంటు దుమ్ము ఉంటుంది, షాపుల్లో అగరుబత్తి పొగ, వంటగది పక్కనైతే నూనె ఆవిరి. ఈ పొగా నూనే తోడైన దుమ్ము జిగురుగా మారుతుంది, ఊదితే పోదు, కూలర్‌ని బయటికి తీసి బ్రష్షుతో శుభ్రం చేయాల్సిందే. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, గాలికి మరీ వేగంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

ఇంకోటి, మన ఊళ్లో వేసవిలో గడ్డి ప్యాడ్ల కూలర్లు పెట్టుకుంటాం. గది చల్లబడుతుంది, ప్రాసెసర్‌కీ మంచిదే. కానీ ఆ కూలర్ గాలిని నేరుగా క్యాబినెట్ మీదకి తిప్పొద్దు. ఆ గాలిలో తేమ ఉంటుంది, ఒక్కోసారి సన్నటి తుంపర కూడా వస్తుంది, బోరు నీళ్లైతే అందులోని ఉప్పు బోర్డు మీద తెల్లగా పేరుకుంటుంది. కాంటాక్టులు తుప్పు పట్టాక ఆ బోర్డుని బాగుచేయడం చాలా కష్టం.

ఇప్పుడు వాట్ల గురించి, దీన్ని ఎవరూ చూడరు, నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. ప్రాసెసర్ వేడిలోంచి గది వేడి తీసేసి, వచ్చినదాన్ని వాట్లతో భాగించండి. ఫిబ్రవరిలో గది 32, ఇరవై నిమిషాల లోడ్ తర్వాత ప్రాసెసర్ 77, పవర్ 65 వాట్లు. తేడా 45, దాన్ని 65తో భాగిస్తే 0.69. అంటే వాటుకి 0.69 డిగ్రీ. మే నెలలో అదే సిస్టం 85 చూపిస్తోందని కస్టమర్ పరిగెత్తుకొచ్చాడు. గది వేడి అడగండి, 40 అన్నాడు. తేడా మళ్లీ 45, అదే 0.69. ఏమీ చెడిపోలేదు, ఎండాకాలం వచ్చింది, అంతే. అదే 97 ఉంటే తేడా 57, లెక్క 0.88 వస్తుంది, అప్పుడు నిజంగానే ఏదో మారింది, విప్పి చూడాలి. ఏ కూలరూ, లిక్విడ్ కూలర్ అయినా సరే, గది కంటే చల్లగా చేయలేదు, గది ఎంత పెరిగితే ప్రాసెసర్ అంత పెరుగుతుంది. కొత్త సిస్టం కట్టిన రోజే ఈ మూడు అంకెలూ తేదీతో ఒక చీటీ మీద రాసి క్యాబినెట్ మూత లోపల అంటించండి. రెండేళ్ల తర్వాత దాన్ని చూసేవాడు మీకు దండం పెడతాడు.

వాట్లు చూస్తే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. కొన్ని మదర్‌బోర్డులు ఫ్యాక్టరీ నుంచే పవర్ లిమిట్ ఎత్తేసి వస్తాయి. ఐ9-13900కేకి ఇంటెల్ చెప్పిన గరిష్ఠం 253 వాట్లు, బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు మదర్‌బోర్డులో నడిచే సెట్టింగ్స్ ప్రోగ్రాంలో, లిమిట్ లేకపోతే అది 300 దాటి పోతుంది. దానికి ఏ కూలర్ పెట్టినా చాలదు. బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ పెడితే వేడి చప్పున తగ్గుతుంది, స్పీడులో తేడా అంతగా తెలియదు. పైగా 13, 14 తరాల్లో అవసరానికి మించి వోల్టేజీ పోయి ప్రాసెసర్లు చెడుతున్నాయని ఇంటెలే 2024లో ఒప్పుకుని, ఆగస్టు నుంచి మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం, అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్లు పెంచింది. ఆ ప్రాసెసర్లు వాడేవాళ్లు బయోస్ అప్‌డేట్ చేశారో లేదో ఈ రోజే చూసుకోండి.

ఏ పనీ చేయకుండానే ప్రాసెసర్ 80లో ఉందంటే టాస్క్ మేనేజర్ చూడండి. దొంగ సాఫ్ట్‌వేర్లతో పాటు, మన సిస్టంతో వేరేవాళ్లకి క్రిప్టో కరెన్సీ సంపాదించిపెట్టే క్రిప్టో మైనర్లు వచ్చి కూర్చుంటాయి. కొన్ని మైనర్లు టాస్క్ మేనేజర్ తెరవగానే ఆగిపోయేలా రాసి ఉంటాయి, మూయగానే మళ్లీ మొదలు. తెరిచిన వెంటనే ఫ్యాన్ చప్పుడు తగ్గిందంటే అనుమానించండి.

వేడి కాని కేసులు కూడా వేడి పేరుతోనే వస్తాయి. గేమ్ మధ్యలో ఆఫ్ అయిపోతోంది, ప్రాసెసర్ మాత్రం 70 దగ్గరే ఉంది. అప్పుడు ఎస్‌ఎంపీఎస్, అంటే సిస్టం మొత్తానికి కరెంటిచ్చే డబ్బా, చూడాలి, గ్రాఫిక్స్ కార్డ్ చూడాలి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 చూసి వేడి వల్లే అంటారు, అది సిస్టం సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే చెప్తుంది, ఎందుకో చెప్పదు. ప్రాసెసర్ 65లోనే ఉంది కానీ స్పీడు 800 మెగాహెర్ట్జ్‌కి పడిపోయిందంటే మదర్‌బోర్డులో ప్రాసెసర్‌కి కరెంటిచ్చే వీఆర్ఎం భాగం వేడెక్కి ఉండొచ్చు. చవక హెచ్610 బోర్డు మీద ఐ7, ఐ9 పెట్టినచోట ఇది చూస్తాం, ఆ భాగం మీద హీట్‌సింక్ కూడా ఉండదు.

లిక్విడ్ కూలర్ గురించి అడుగుతారని తెలుసు. అందులో పంపు ఆగిపోతే ప్రాసెసర్ నిమిషంలోపే గరిష్ఠానికి పోతుంది. పంపు ఆర్‌పీఎం బయోస్‌లో కనిపిస్తుంది, సున్నా ఉందంటే ముందు వైరు చూడండి. లోడ్‌లో ప్రాసెసర్ వైపు గొట్టం కాలుతూ రేడియేటర్ చల్లగా ఉందంటే నీళ్లు తిరగడం లేదు. రేడియేటర్ పైన పెట్టడం మంచిది, ముందు పెడితే దాని పైభాగం పంపు కంటే ఎత్తులో ఉండేలా చూసుకోండి, లోపల కొద్దిగా గాలి ఎప్పుడూ ఉంటుంది, అది పంపులోకి చేరితే గుడగుడమని చప్పుడొస్తుంది, పంపు త్వరగా పోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గొట్టాల్లోంచి నీళ్లు కొద్దికొద్దిగా ఆవిరైపోతాయి కూడా. మన ఊరి దుమ్ముకీ మన బడ్జెట్‌కీ మామూలు వాడకానికి టవర్ కూలరే మంచిదని నా అభిప్రాయం. ఫ్యాన్ పోతే ఫ్యాన్ ఒక్కటే మార్చుకుంటాం, మిగతాదానికి ఏమీ కాదు.

ఇక మీ ప్రశ్నలు. ఆ, ముందు ఆ అమ్మాయి చెయ్యి ఎత్తింది, అడుగమ్మా.

"సార్, పక్క మూత తీస్తే తగ్గుతోంది కదా, అలాగే వదిలేస్తే ఏమవుతుంది?"

పరీక్షకి తీయాలి, అలవాటు చేయకూడదమ్మా. దుమ్ము రెట్టింపు వస్తుంది, బల్లులూ బొద్దింకలూ దూరతాయి, బోర్డు మీద బల్లి పడి షార్ట్ అయిన సిస్టంలు బెంచీ మీదకి వస్తూనే ఉంటాయి. మూత తీస్తే తగ్గిందంటే ముందు ఒక ఫ్యాన్ లోపలికి లాగేలా, వెనక ఒకటి బయటికి తోసేలా పెట్టు. ఫ్యాన్‌కి ప్లాస్టిక్ అడ్డపట్టీలు ఉన్న వైపుకి గాలి పోతుంది, అది చూసుకుని బిగించు.

అన్నా, మీరు.

"బయోస్‌లో చూస్తే 60 చూపిస్తోంది, విండోస్‌లోకి వెళ్తే 42. ఏది నమ్మాలి?"

రెండూ నిజమే అన్నా. బయోస్‌లో ఉన్నప్పుడు ప్రాసెసర్‌కి కరెంటు ఆదా చేసుకునే నిద్ర స్థితులు సరిగ్గా పని చేయవు, ఖాళీగా ఉన్నా వాట్లు ఎక్కువ తింటుంది. అందుకని బయోస్ అంకెతో ఏదీ తేల్చకండి. కానీ బయోస్‌లో కూడా నిమిషంలో 90 దాటిందంటే ఆఫ్ చేసి కూలర్ చూడండి, విండోస్ దాకా పోవద్దు. ఇంకో మాట, అంకె చూపించే సాఫ్ట్‌వేర్ కొత్తదై ఉండాలి. 2017లో వచ్చిన రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ అసలు వేడి కంటే 20 డిగ్రీలు కలిపి చూపించేవి, అది తెలియని పాత ప్రోగ్రాంలు చూసి జనం ఊరికే భయపడ్డారు.

వెనక బాబూ, గట్టిగా అడుగు.

"రైజెన్ కూలర్ తీస్తుంటే ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేసింది సార్. రెండు పిన్నులు వంగాయి."

పాత రైజెన్‌ల ఏఎం4 సాకెట్‌లో అది తరచూ జరుగుతుంది, పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, ఎండిన పేస్టు దాన్ని కూలర్‌కి పట్టేస్తుంది. తీసే ముందు సిస్టంని పది నిమిషాలు లోడ్‌లో నడిపించు, పేస్టు మెత్తబడుతుంది. ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, స్క్రూలు విప్పాక పైకి లాగొద్దు, అటూ ఇటూ మెల్లగా తిప్పు, పట్టు వదిలిందని చేతికి తెలిశాకే పైకి తియ్యి. వంగిన పిన్నులు విరగకపోతే సరిచేయొచ్చు, సన్నటి మెకానికల్ పెన్సిల్‌లో ములికి తీసేసి ఆ గొట్టంలోకి పిన్నుని పోనిచ్చి కొంచెం కొంచెంగా నిలబెట్టాలి, ఒకేసారి వంచితే విరుగుతుంది. ప్రాసెసర్ తెచ్చావా? అయితే ఇలా ముందుకి రా, భూతద్దం ఉంది, ఇక్కడే చేసి చూద్దాం, చూడాలనుకున్నవాళ్లు కూడా టేబుల్ చుట్టూ రండి.